కస్టర్డ్ క్రీమ్ బిస్కెట్‌లో నీళ్ల సంగతి

శనివారం సాయంత్రం పిల్లలతో కలిసి కస్టర్డ్ క్రీమ్ బిస్కెట్లు చేశాను. కొరికితే కరకరమన్నాయి. ఆదివారం రాత్రి డబ్బా మూత తీసేసరికి అన్నీ మెత్తబడి ఉన్నాయి. రుచి అలాగే ఉంది, పళ్ల కింద ఆ చప్పుడు మాత్రం లేదు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఒకటి కొరికి, "అమ్మా, కొట్లో కొన్నవి నెలల తరబడి గట్టిగానే ఉంటాయి కదా, మనవి ఒక్క రోజుకే ఇలా అయ్యాయేం?" అని అడిగింది.

దానికి సరైన జవాబు చెప్పాలనిపించింది. చదివాను, మళ్లీ మళ్లీ చేసి చూశాను. పిండి కలిపే దగ్గర్నుంచి డబ్బాలో సర్దేదాకా అడుగడుగునా అడగాల్సిన ప్రశ్న ఒకటే అని అర్థమైంది: నీళ్లు ఎక్కడున్నాయి, ఎటు పోతున్నాయి? ఇది పట్టుకుంటే వంటల పుస్తకాల్లో "అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి", "పూర్తిగా చల్లారాకే క్రీమ్ రాయండి" అని కారణం చెప్పకుండా రాసే మాటలన్నిటికీ కారణం దొరుకుతుంది. పిల్లలకు కూడా "నే చెప్పాను కనక చెయ్యి" అనాల్సిన పని ఉండదు.

మేముండేది ఇంగ్లండులోని రెడింగ్‌లో. ఈ ఊరికి బిస్కెట్లతో పాత చుట్టరికం. 1822లో జోసెఫ్ హంట్లీ ఇక్కడ లండన్ స్ట్రీట్‌లో చిన్న బేకరీ పెట్టాడు. ఎదురుగా ఉన్న క్రౌన్ సత్రం దగ్గర ఆగే గుర్రపు బండ్ల ప్రయాణికులు బిస్కెట్లు కొనుక్కునేవారు. దారిలో అవి విరగకుండా, పాడవకుండా ఉండాలని హంట్లీ చిన్న కొడుకు రేకు డబ్బాలు చేసివ్వడం మొదలుపెట్టాడు, అతనిది ఇనుప సామాను వ్యాపారం. ఆ కొట్టే తర్వాత హంట్లీ అండ్ పామర్స్ అయి, ఒక దశలో ప్రపంచంలోకెల్లా పెద్ద బిస్కెట్ కంపెనీగా నిలిచింది. రెడింగ్‌లో తయారీ 1976లో ఆగిపోయింది గానీ ఊరి మ్యూజియంలో ఆ డబ్బాలు ఇప్పటికీ వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీది బొమ్మలు చూడడానికి వెళ్తాం మేము. నాకు ఇప్పుడు బొమ్మల కంటే మూతల మీద ఎక్కువ గౌరవం. గాలిలోని చెమ్మ లోపలికి రాకుండా కాపాడింది ఆ బిగుతు మూతే.

ఇంగ్లండు వాళ్ల క్రీమ్ బిస్కెట్లలో ఇంట్లో చేసుకోవడానికి వీలైనవి ముఖ్యంగా మూడు. మొదటిది కస్టర్డ్ క్రీమ్: లేత పసుపు రంగులో రెండు బిస్కెట్లు, మధ్యన వెనిలా వాసన క్రీమ్, పైన మెలికలు తిరిగిన ఆకుల అచ్చు. విక్టోరియా రాణి కాలంలో ఈ దేశంలో ఫెర్న్ మొక్కలంటే జనానికి విపరీతమైన మోజుండేది, ఆ ఆకులే బిస్కెట్టు మీదికి ఎక్కాయంటారు. రెండోది మనందరికీ తెలిసిన బోర్బన్. మూడోది మధ్యన జామ్ పెట్టి, పై బిస్కెట్టుకి గుండ్రంగానో హృదయం ఆకారంలోనో కన్నం తీసి, ఎర్రటి జామ్ కనిపించేలా చేసేది.

బోర్బన్ గురించి ఒక మాట. లండన్‌లో బర్మండ్సీ అనే పేటలో ఉండిన పీక్ ఫ్రీన్స్ కంపెనీ 1910లో దాన్ని 'క్రియోలా' పేరుతో తెచ్చింది, తర్వాత ఫ్రాన్సు రాజవంశం పేరు పెట్టింది. విస్కీకి, దానికి ఏ సంబంధమూ లేదు. రాజుల పేర్లు పెట్టడం ఆ కంపెనీకి అలవాటే. 1874లో రష్యా రాకుమారి మరియా ఇంగ్లండు కోడలిగా వచ్చిన సందర్భంలో 'మారీ' బిస్కెట్టు పుట్టింది కూడా అక్కడే. 1892లో 295 రూపాయల పెట్టుబడితో కలకత్తాలో మొదలైన వ్యాపారం బ్రిటానియాగా ఎదిగే క్రమంలో ఇదే పీక్ ఫ్రీన్స్ చేతికిందికి వచ్చింది. జ్వరమొస్తే టీలో ముంచి ఇచ్చిన మారీ, రైలు ప్రయాణంలో విప్పి ముందు క్రీమ్ నాకేసిన బోర్బన్ మన చిన్నతనాల్లోకి వచ్చిన దారి ఇది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బిస్కెట్టు అంటే ఏమిటి? ఈ ప్రశ్న ఇక్కడ చట్టం దాకా వెళ్లింది. బ్రిటన్‌లో మామూలు బిస్కెట్ల మీద, కేకుల మీద వ్యాట్ సున్నా. బిస్కెట్టుకి పైన చాక్లెట్ పూస్తే మాత్రం 20 శాతం. బోర్బన్‌లో చాక్లెట్ క్రీమ్ రెండు బిస్కెట్ల మధ్యలోనే ఉండి బయటి వైపుకి రాదు కనుక దానికీ సున్నాయే. జాఫా కేక్ అనే దానికి పైన చాక్లెట్ ఉంటుంది. అది బిస్కెట్టయితే పన్ను కట్టాలి, కేకయితే అక్కర్లేదు. 1991లో ట్రిబ్యునల్ దీన్ని తేల్చేటప్పుడు చూసిన అంశాల్లో ఒకటి, పాతబడితే ఏమవుతుందన్నది. కేకు పాతబడితే గట్టిపడుతుంది, బిస్కెట్టు పాతబడితే మెత్తబడుతుంది. జాఫా కేక్ గట్టిపడుతుంది. మిగతా అంశాలతో కలిపి చూసి, అది కేకేనని తీర్పిచ్చారు.

ఈ తేడా ఎందుకొస్తుందో చూడండి. కేకులో తడి ఎక్కువ, దాన్ని గాలికి వదులుతూ ఎండిపోతుంది. బాగా కాలిన బిస్కెట్టులో తడి సాధారణంగా 5 శాతం లోపే ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి కంటే, పక్కనున్న క్రీమ్ కంటే అది పొడిగా ఉంటుంది కాబట్టి దేన్నుంచైనా తడి లాక్కుంటుంది. వర్షాకాలంలో మన ఊళ్లలో మూత సరిగా పెట్టని అప్పడాలు ఏమవుతాయో తెలుసు కదా, అదే ఇది.

మరి పిండిలో మనం నీళ్లే పొయ్యలేదు కదా, తడి ఎక్కణ్ణుంచి వచ్చింది? బటర్ లోంచి. ఇక్కడ దొరికే బటర్‌లోనైనా, మన దేశంలో ప్యాకెట్ బటర్‌లోనైనా కొవ్వు 80 శాతానికి కాస్త పైన. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే, 16 శాతం దాకా ఉంటాయి. నేను పిండిలో వేసేది 150 గ్రాముల బటర్. అంటే 24 గ్రాముల నీళ్లు, దాదాపు ఐదు టీస్పూన్లు. మా అమ్మాయి చేత టీస్పూనుతో ఐదుసార్లు నీళ్లు గ్లాసులో పోయించి, "ఇన్ని నీళ్లు ఆ ముద్దలో దాక్కున్నాయి" అని చూపించాను. బటర్ ముద్దనీ గ్లాసునీ మార్చి మార్చి చూసింది. ఆ రోజు నుంచి పిండి పొడిపొడిగా ఉందని పాలు పొయ్యబోతే, "ఆగమ్మా, ఇంకాస్త పిసుకుదాం, నీళ్లు లోపలున్నాయిగా" అంటోంది.

ఆ ఐదు టీస్పూన్లు రెండు పనులు చేస్తాయి. ఒకటి మనకు కొంతే కావాలి, అది మైదాలోని జిగురు. మైదాకి నీళ్లు తగిలి, చేత్తో మర్దించే కొద్దీ అందులో సాగే గుణం పుడుతుంది. గ్లూటెన్ అనేది అదే. పరోటాకి, కాజాకి అది ఎంత వస్తే అంత మంచిది. బిస్కెట్టుకి ఎక్కువైతే గట్టి చెక్కముక్కలా తయారవుతుంది, పైగా వత్తిన ఆకారం ఓవెన్‌లో ముడుచుకుపోతుంది. అందుకని ముందు కొవ్వుని పిండికి పట్టించాలి. పిండి రేణువుల చుట్టూ కొవ్వు పొర కట్టాక నీళ్లు లోపలికి అంత తేలిగ్గా చేరవు.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. చెక్కలకో చక్రాలకో పిండి కలిపేటప్పుడు నీళ్లు పొయ్యకముందు వెన్న వేసి పిండికంతా పట్టిస్తాం. పిడికిలితో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అలా వస్తే గుల్లగా వస్తాయంటాం. ఇంగ్లీషులో ఈ గుల్లదనాన్నే 'షార్ట్' అంటారు, షార్ట్‌బ్రెడ్‌కి ఆ పేరు అందుకే వచ్చింది. మనం గుల్ల అని ఒక్క ముక్కలో చెప్పే గుణాన్ని ఇక్కడి పుస్తకాలు పేజీలకు పేజీలు వివరిస్తాయి.

నెయ్యి వేస్తే అసలు నీళ్లే ఉండవు కదా, అదే వేద్దామా అని ఒకసారి చేసి చూశాను. గుల్లగా వచ్చింది, కానీ అప్పడాల కర్రతో పరిస్తే అంచులు పగిలాయి, అచ్చు నొక్కితే ముక్కలైంది. నానఖటాయికి నెయ్యి బాగుంటుంది, ఎందుకంటే దాన్ని అరచేతిలో ఉండ చేసి నొక్కుతాం, అంతే. పలుచగా పరిచి, కోసి, మీద గీతలు తెప్పించాలంటే పిండిని పట్టి ఉంచడానికి కొంచెం జిగురు కావాలి. ఆ కొంచెం జిగురుకి బటర్‌లోని నీళ్లు సరిగ్గా సరిపోతాయి.

జిగురు తగ్గించడానికి ఇంకో ఉపాయం కస్టర్డ్ పౌడర్. దానికి వెనక ఒక కథ ఉంది. బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు భార్యకి గుడ్లు పడేవి కావు. ఆమె కోసం 1837లో ఆయన గుడ్డు లేకుండా కార్న్‌ఫ్లోర్‌తో కస్టర్డ్ తయారుచేశాడు. కార్న్‌ఫ్లోర్‌లో గ్లూటెన్ ఉండదు. అందువల్ల మైదాలో కొంత తీసేసి ఈ పొడి కలిపితే వెనిలా వాసనకి వాసన, పసుపు రంగుకి రంగు, గుల్లదనానికి గుల్లదనం. గుడ్డు తినని ఇళ్లలో పిల్లలతో చెయ్యడానికి దీనికి మించిన ఇంగ్లీషు బిస్కెట్టు నాకు తెలియదు. పెళ్లి విందుల ఫ్రూట్ సలాడ్ పుణ్యమా అని ఆ పొడి డబ్బా మనవాళ్ల అలమరాల్లో ఎలాగూ ఉంటుంది.

నా కొలతలు ఇవి. మైదా 200 గ్రాములు, కస్టర్డ్ పౌడర్ 50 గ్రాములు, ఐసింగ్ షుగర్ 60 గ్రాములు, ఉప్పు లేని బటర్ 150 గ్రాములు, అర టీస్పూను వెనిలా ఎసెన్స్, చిటికెడు ఉప్పు. ఉప్పు వేసిన బటర్ అయితే చిటికెడు మానెయ్యండి. పంచదార పలుకులు కాకుండా మెత్తటి పొడే ఎందుకంటే, పలుకులు ఓవెన్‌లో కరిగి పిండిని పక్కలకి పారిస్తాయి, గీతలు చెదురుతాయి. వీటితో 5 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పున కోస్తే 25 జతల పైనే వస్తాయి.

మైదా విషయంలో ఒక జాగ్రత్త. ఇక్కడి కొట్లలో ప్లెయిన్ ఫ్లోర్, సెల్ఫ్ రెయిజింగ్ ఫ్లోర్ పక్కపక్కనే ఉంటాయి. మొదటిసారి నేను రెండోది తెచ్చాను. అందులో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది. ఐదేళ్ల మావాడు నాలిక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా నొక్కిన ఆకుల అచ్చు ఓవెన్‌లో ఉబ్బి, కాసేపటికి చదునైపోయింది. వాడు ఓవెన్ తలుపు అద్దం ముందు కూర్చుని అది పోవడం మొత్తం చూశాడు. క్రీమ్ బిస్కెట్లకి ప్లెయిన్ ఫ్లోర్, అంటే మన మామూలు మైదానే కావాలి.

జల్లించిన పొడుల్లో చల్లటి బటర్‌ని చిన్న ముక్కలుగా వేసి వేళ్ల కొసలతో నలపాలి. మిక్సరుతో బటర్‌నీ చక్కెరనీ గిలక్కొట్టే పద్ధతి కూడా ఉంది, నాకది ఇష్టం లేదు. నలపడం పిల్లలకు వచ్చిన పని, దాని వల్ల జరిగేది వాళ్ల వేళ్లకే తెలుస్తుంది. అయిదారు నిమిషాలకు పిండంతా బొంబాయి రవ్వలా అవుతుంది. అప్పుడు వెనిలా వేసి పిడికిలితో నొక్కుతూ ముద్ద చెయ్యాలి. చపాతీ పిండిలా మర్దించకూడదు. ఎంతకీ ముద్ద కట్టకపోతేనే ఒక టీస్పూను పాలు. ఇక్కడ పిల్లల అరచేతులు చిన్న చిక్కు తెచ్చిపెడతాయి. వాళ్ల చేతుల వేడికి బటర్ కరిగి పిండి జిడ్డోడుతుంది, పరిస్తే బల్లకి అంటుకుంటుంది. అలా అయిందని మైదా చల్లుకుంటూ పోతే బిస్కెట్టు గట్టిపడుతుంది. పిండిని నాలుగు భాగాలు చేసి, ఒకటి బయట, మూడు ఫ్రిజ్‌లో ఉంచి, జిడ్డు కనిపించగానే మార్చడమే దీనికి మందు.

ముద్దని చదునుగా నొక్కి, చుట్టి, అరగంట ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు గట్టిపడుతుంది, పుట్టిన కాస్త జిగురూ సడలుతుంది. పూరీ పిండిని నానబెట్టేది కూడా ఇందుకే. చిన్నపిల్లలకి అరగంట అంటే యుగం. అందుకని నేను పనిని రెండు రోజులకు పంచుతాను: శుక్రవారం రాత్రి పిండి, శనివారం మిగతాది.

పచ్చి పిండి నోట్లో పెట్టుకోనివ్వకండి. గుడ్డు లేదు కదా, ఫర్వాలేదనుకుంటారు చాలామంది. మైదా అంటే పచ్చి గోధుమని మర ఆడించిన పొడి, దాన్ని ఎవరూ ఉడికించలేదు. పొలంలో అంటిన ఈ-కోలై వంటి క్రిములు అందులో ఉండే అవకాశం ఉంది, ఓవెన్ వేడికే అవి చస్తాయి. మా ఇంట్లో నియమం ఒకటే, పిండి ముట్టిన చెయ్యి నోటిదాకా రాకూడదు. పని మధ్యలో నాకడానికి ఇంత స్ట్రాబెర్రీ జామ్ పక్కన పెట్టేస్తాను, గొడవ తీరిపోతుంది.

4 మిల్లీమీటర్ల మందం రావాలి. రెండు బేకింగ్ పేపర్ల మధ్య పిండి పెట్టి, అటూ ఇటూ ఒక్కో చెక్క స్కేలు ఉంచి, వాటి మీద అప్పడాల కర్ర దొర్లిస్తే ఐదేళ్లవాడు చేసినా మందం ఒకేలా వస్తుంది. ఇది ముఖ్యం. మందం తేడా వస్తే పలుచగా ఉన్నది మాడిపోయేలోపు దళసరిది లోపల పచ్చిగా, అంటే తడిగా ఉండిపోతుంది. ఆకుల అచ్చున్న కటర్లు దొరుకుతాయి. లేకపోతే ఫోర్కుతో గీతలు గీసుకోవచ్చు. బొత్తాం, లేసు ముక్క, ఏదైనా శుభ్రంగా కడిగినది నొక్కి చూడండి.

ఇక కన్నాలు. బోర్బన్ మీద వరసగా ఉండే కన్నాలు అందం కోసం పెట్టారని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. మావాడు ఫోర్కు పట్టుకుని ఒక్కో బిస్కెట్టునీ పొడుస్తుంటే, మా అమ్మ తణుకు నుంచి వీడియో కాల్‌లో చూస్తూ, "ఏవిటే, వాడిచేత చెక్కల్ని పొడిపించినట్టు పొడిపిస్తున్నావు?" అంది. వాడు ఫోన్లోకి తలపెట్టి "ఎందుకు పొడవాలి అమ్మమ్మా?" అన్నాడు. "పొడవకపోతే పూరీలా పొంగుతుంది నాన్నా" అంది అమ్మ. అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరు. ఆ ఐదు టీస్పూన్ల నీళ్లు చేసే రెండో పని ఇదే, ఓవెన్‌లో ఆవిరవుతాయి. బయటికి దారి లేకపోతే ఆవిరి పై పొరని బుడగలా లేపుతుంది, బిస్కెట్టు వంకర పోతుంది, అలాంటి రెండిటిని ఒకదాని మీదొకటి అతికించలేం. ఫోర్కు ముళ్లు ట్రేకి తగిలేదాకా దిగాలి, పైపైన గుచ్చితే లాభం లేదు.

కోసిన ముక్కల్ని ట్రేతో సహా మళ్లీ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, నేరుగా వేడి ఓవెన్‌లోకి పంపాలి. గట్టిపడిన బటర్ కరిగి పారడానికి సమయం పడుతుంది, ఈలోగా అంచులు గట్టిపడి గీతలు నిలుస్తాయి. 180 డిగ్రీల సెల్సియస్, ఫ్యాన్ ఓవెన్ అయితే 160. నా ఓవెన్‌లో పన్నెండు నిమిషాలు పడుతుంది, మీది కొంచెం అటూ ఇటూ కావచ్చు. అంచు లేత బంగారు రంగుకి తిరగగానే తీసెయ్యాలి. అప్పుడు నొక్కితే మెత్తగానే ఉంటుంది, కంగారుపడి మళ్లీ లోపల పెట్టకండి. చల్లారే కొద్దీ కొవ్వు, కరిగిన చక్కెర గట్టిపడి కరకరదనం వస్తుంది. పది నిమిషాలు ట్రే మీద, తర్వాత తీగల స్టాండు మీద. పళ్లెంలో పోస్తే అడుగున ఆవిరి పట్టి చెమర్చుతుంది, అంత కష్టపడి పంపించిన నీళ్లు మళ్లీ బిస్కెట్టులోకే దిగుతాయి. ట్రేలు పెట్టడం, తియ్యడం పెద్దవాళ్ల పని. పిల్లలకు గడియారం చూసే ఉద్యోగం ఇవ్వండి, ఎంత నిష్ఠగా చేస్తారో.

క్రీమ్‌కి మెత్తబడిన బటర్ 50 గ్రాములు, ఐసింగ్ షుగర్ 125 గ్రాములు, కాస్త వెనిలా. చాలా వంటకాల్లో క్రీమ్‌లోనూ కస్టర్డ్ పౌడర్ వేస్తారు. అది వండి తినాల్సిన పిండి కాబట్టి నేను వెయ్యను. పాలు చుక్క కూడా పొయ్యను, ఎందుకో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది. ఈ 50 గ్రాముల్లో కూడా 8 గ్రాముల నీళ్లున్నాయి. అంత చక్కెర అందులో పడేసరికి నీళ్లని చాలావరకు పట్టి ఉంచుతుంది, కానీ పూర్తిగా కాదు. బిస్కెట్టు క్రీమ్ కంటే పొడిగా ఉన్నంతకాలం కొంచెం కొంచెం లాగుతూనే ఉంటుంది. ఇదే మా అమ్మాయి ప్రశ్నకి జవాబులో సగం. ఫ్యాక్టరీలో క్రీమ్‌ని బటర్‌తో చెయ్యరు, నీళ్లు దాదాపు లేని వనస్పతి కొవ్వు, చక్కెర కలిపి చేస్తారు. బిస్కెట్టుని మనకంటే ఎండుగా కాలుస్తారు, గాలి చొరని కాగితంలో చుడతారు. అందుకే అది నెలలు ఉంటుంది. మనది వెన్న రుచి, వాళ్లది నిలవ. రెండూ ఒక్కదాంట్లో కావాలంటే కుదరదు, నేనైతే రుచి వైపే.

బోర్బన్ కావాలంటే కస్టర్డ్ పౌడర్ తీసేసి, మైదా 225 గ్రాములు, కోకో పొడి 25 గ్రాములు వేసుకోండి. కోకో తడిని బాగా పీలుస్తుంది, అందుకని దీనికి మాత్రం ఒకటి రెండు టీస్పూన్ల పాలు తప్పకపోవచ్చు. కాల్చే ముందు పైన పంచదార పలుకులు చల్లాలి. నల్లగా ఉండడంతో రంగు చూసి కాలిందో లేదో చెప్పలేం. గడియారాన్ని, చాక్లెట్ వాసనని నమ్ముకోవాలి. క్రీమ్‌లో రెండు టీస్పూన్ల కోకో.

జామ్ బిస్కెట్టు వీటన్నిటిలో త్వరగా మెత్తబడేది. జామ్‌లో మూడో వంతు దాకా నీళ్లే. సీసాలోంచి తీసి నేరుగా రాస్తే గంటల్లో సంగతి తెలుస్తుంది. చిన్న గిన్నెలో మూడు నాలుగు నిమిషాలు మరిగించి, చిక్కబడ్డాక, చల్లార్చి రాస్తే కొంత నయం. ఈ మరిగించడం మాత్రం పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా చెయ్యాలి. మరిగే జామ్ నీళ్ల కంటే వేడిగా ఉంటుంది, పైగా చర్మానికి అతుక్కుంటుంది.

అతికించడం పిల్లల పండగ. బిస్కెట్లు పూర్తిగా చల్లారాయో లేదో పెదవికి ఆనించి చూడమంటాను, వేళ్ల కంటే పెదవికి వేడి బాగా తెలుస్తుంది. గోరువెచ్చగా ఉన్నా క్రీమ్‌లో బటర్ కరిగి లోపలికి ఇంకిపోతుంది. ఒకే సైజు ఉన్న రెండేసి బిస్కెట్లను ముందే జతలు చేసి పెట్టించండి. జతలు కలపడంలో మావాడు మునిగిపోతే ఇంట్లో ఇరవై నిమిషాలు అలికిడి ఉండదు. క్రీమ్‌ని చిన్న ఉండలా చేసి మధ్యలో పెట్టి, పై బిస్కెట్టుని కొంచెం తిప్పుతూ నొక్కితే అంచులదాకా సమంగా వస్తుంది.

మా అమ్మాయి ప్రశ్నకి జవాబులో రెండో సగం డబ్బాలో ఉంది. ఆ శనివారం నేను మొత్తం పాతిక జతలకీ క్రీమ్ రాసేశాను. పైగా అదే డబ్బాలో రెండు కేకు ముక్కలు కూడా పెట్టాను. బిస్కెట్లు కింద క్రీమ్ నుంచి, పక్కన కేకు నుంచి రాత్రంతా తడి లాక్కున్నాయి. ఇప్పుడు ఉత్త బిస్కెట్లు ఒక రేకు డబ్బాలో ఉంటాయి, పక్కన ఇంకేమీ ఉండదు. క్రీమ్ మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంటుంది. తినే అరగంట ముందు బయట పెడితే రాయడానికి వీలుగా మెత్తబడుతుంది. ఉత్త బిస్కెట్లకి చెమ్మ తగిలినా 150 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెట్టి చల్లారిస్తే మళ్లీ కరకరలాడతాయి. క్రీమ్ రాసినవాటికి ఆ దారి లేదు.

పిల్లలు బడి నుంచి వచ్చాక ఆ పూటకి కావలసినన్నే అతికించుకుంటున్నారు. మొన్న బుధవారం, అంటే చేసిన ఐదో రోజు, మా అమ్మాయి ఒకటి అతికించి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని కొరికింది. "వినపడిందా అమ్మమ్మా?" అంది. అటునుంచి సరిగా జవాబు రాకపోయేసరికి ఇంకోటి అతికించి మళ్లీ కొరికింది.